అరవై నాలుగు బైట్ల అడంగల్

"ఒరేయ్, కంప్యూటర్ పోయిందిరా. తెరంతా నల్లగా అయిపోయింది. పెళ్ళి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి."

2025 అక్టోబరులో ఒక రాత్రి మా అన్నయ్య ఫోన్ చేసి అన్న మొదటి మాటలివి. ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. 2019లో భాగాలు విడిగా కొని అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ మీదే ఆ స్టూడియో నడుస్తోంది. విండోస్ 10కి మామూలు సపోర్టు అక్టోబరు 14తో ఆగిపోతుందని తెలిసి 11కి మారదామనుకున్నాడు. సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాటు ఉంటేగానీ కుదరదని కంప్యూటర్ మొండికేసింది. ఎవరో చెబితే, కంప్యూటర్‌ను లేపే బయోస్‌లోకి వెళ్ళి, లెగసీ అని ఉన్నచోట యూఈఎఫ్‌ఐ అని మార్చాడు. మళ్ళీ ఆన్ చేసేసరికి, బూట్ చేయడానికి డిస్కే లేదంటూ నల్లటి తెర మీద ఒక్క తెల్లటి వాక్యం కనిపించింది.

"అన్నయ్యా, ఏమీ పోలేదు. ఇందాక మార్చినదాన్ని మళ్ళీ లెగసీలోనే పెట్టు" అన్నాను. పెట్టాడు. పాత విండోస్ పాతలాగే లేచింది. గండం గడిచింది గానీ, ఉన్న డిస్కు లేనట్టు ఎందుకు కనిపించిందో ఆయనకు చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పొలం ఎంతున్నా, ఎవరి భాగం ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా అన్నది రికార్డులో ఉండాలి. ఆ రికార్డును ఆంధ్రలో అడంగల్ అంటాం, తెలంగాణలో పహాణీ అంటారు. హార్డ్ డిస్కుకూ అలాంటి రికార్డు ఒకటి ఉంది. దాని పేరు పార్టిషన్ టేబుల్. పొలంలో పంట ఎంత పచ్చగా ఉన్నా, రికార్డులో వివరం తప్పితే ఆఫీసులో ఆ పొలం లేనట్టే. అన్నయ్య డిస్కుకు జరిగింది అదే. పాత పద్ధతిలో రాసిన రికార్డులో కొత్త అధికారి యూఈఎఫ్‌ఐకి కావలసిన కాలమే లేదు.

ఆ పాత పద్ధతి 1983 మార్చిలో పుట్టింది. అంతకు ముందు, 1981లో ఐబీఎం తెచ్చిన మొదటి పీసీలో హార్డ్ డిస్కు లేదు. ఎక్కువగా ఫ్లాపీలే. ఫ్లాపీని పంచుకునే పని లేదు కాబట్టి గట్లతోనూ అవసరం పడలేదు. 1983లో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్ డిస్కు పెట్టారు. ఇవాళ ఫోన్‌లో తీసే రెండు మూడు ఫొటోలకు సరిపోయే చోటది. అప్పటికి అదే పెద్ద మాగాణి. అంత చోటును ఒక్క డాస్‌కే రాసివ్వకుండా, పక్కన సీపీఎం లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కాపురం పెట్టుకునేలా డిస్కును భాగాలు చేసే ఏర్పాటు పీసీ డాస్ 2.0తో వచ్చింది. గట్లు వేసే ఆ ప్రోగ్రామ్ పేరు ఎఫ్‌డిస్క్.

రికార్డును డిస్కులో మొట్టమొదటి సెక్టార్‌లో పెట్టారు. సెక్టార్ అంటే 512 బైట్ల గడి. కంప్యూటర్ లేవగానే చదివే చిన్న ప్రోగ్రామ్ కూడా అందులోనే ఉండాలి. దానికి 446 బైట్లు పోయాయి. చివరి రెండు బైట్లు ముద్ర. మధ్యలో మిగిలినవి 64. ఒక్కో భాగానికి 16 బైట్ల చొప్పున నాలుగు వరసలు. ఈ సెక్టార్ మొత్తాన్ని మాస్టర్ బూట్ రికార్డ్, పొట్టిగా ఎంబీఆర్ అంటారు.

ఫోన్ వచ్చిన మర్నాడు స్టూడియోకి వెళ్ళి ఆ గడిని తెరిచి అన్నయ్యకు చూపించాను. వరసలు వరసలుగా హెక్స్ అంకెలు. అట్టడుగున 55, ఏఏ అనే జంట. బైనరీలో రాస్తే సున్నా ఒకటి, సున్నా ఒకటి అంటూ సగం దాకా వచ్చి, అక్కడి నుంచి ఒకటి సున్నా, ఒకటి సున్నాగా తిరగబడుతుంది. ఈ ముద్ర లేకపోతే బయోస్ ఆ డిస్కును బూట్ డిస్కుగా లెక్కే చేయదు. దానికి పైన నాలుగు వరసలు. మొదటి వరస 80తో మొదలైంది, అంటే కంప్యూటర్ లేవాల్సింది ఇక్కడి నుంచే అని. తర్వాత భాగం రకం చెప్పే ఒక బైటు, ఎక్కడ మొదలో చెప్పే నాలుగు బైట్లు, పొడవు ఎంతో చెప్పే నాలుగు బైట్లు. పాత కాలపు కొలతలు ఇంకొన్ని అలాగే మిగిలాయి. "ఇంతేనా? నా పదేళ్ళ కష్టానికి ఇదా హద్దు రాయి?" అన్నాడు అన్నయ్య. ఆ కొద్ది అంకెలు చెరిగితే డిస్కు ఖాళీగా కనిపిస్తుందని చెబితే నమ్మడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

10 ఎంబీకి నాలుగు భాగాలు ఎక్కువే. కానీ డిస్కులు పెరిగాయి. 1987లో డాస్ 3.3 ఒక సర్దుబాటు చేసింది. నాలుగు వరసల్లో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ అని పిలిచి, దాని కడుపులో లాజికల్ డ్రైవ్‌లను ఎన్నో పెట్టుకోనిచ్చింది. మొదటి లాజికల్ డ్రైవ్ ముందు ఒక చిన్న పట్టిక, అందులో రెండోదాని జాడ, అక్కడ మూడోదాని జాడ. ఇలా గొలుసు. ఒక్క లింకు తెగితే ఆ తర్వాతి డ్రైవ్‌లన్నీ కనిపించకుండా పోతాయి. నా మాటగా చెప్పాలంటే, ఈ నలభై ఏళ్ళ కథలో అన్నిటికన్నా బలహీనమైన కట్టడం ఇదే.

మన ఊళ్ళలో ఎక్కువగా వాడింది కూడా దీన్నే. కంప్యూటర్ అసెంబుల్ చేసి ఇచ్చే ఏ షాపుకు వెళ్ళినా అడక్కుండానే డిస్కును సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేసి ఇచ్చేవారు. సీలో విండోస్, డీలో పని ఫైళ్ళు, ఈలో ఫొటోలు, ఎఫ్‌లో పాటలూ సినిమాలూ. ఆ అలవాటును నేను తప్పుపట్టను. వైరస్ వచ్చిన ప్రతిసారీ సీని ఫార్మాట్ కొట్టే రోజుల్లో డీలో ఉన్నవి బతికి బయటపడ్డాయి. "ముఖ్యమైనవి డీలో పెట్టుకోండి సార్" అన్న మాట ఎన్నో కుటుంబాల ఫొటోలను కాపాడింది. అయితే సీ, డీ రెండూ ఒకే డిస్కులోని గదులు. డిస్కు కాలిపోతే రెండూ పోతాయి. పైగా విండోస్ తన కోసం ఒక చిన్న భాగాన్ని ముందే తీసుకుంటుంది కాబట్టి, దానికి సీ, డీ కలిపితే మూడు వరసలు నిండిపోతాయి. నాలుగోది ఎక్స్‌టెండెడ్ అయి, ఈ, ఎఫ్ ఆ గొలుసుకు వేలాడతాయి. అన్నయ్య డిస్కులో ఉన్నది సరిగ్గా ఈ అమరికే.

ఎంబీఆర్‌కు మరో గోడ ఉంది. పొడవు రాయడానికి నాలుగే బైట్లు కదా. ఆ నాలుగు బైట్లలో పట్టే పెద్ద అంకెను 512తో గుణిస్తే దాదాపు 2.2 టీబీ. అంతకు మించిన చోటును మామూలు డిస్కులో ఎంబీఆర్ కొలవలేదు. 1990ల చివర్లో ఇంటెల్ తన ఐటానియం ప్రాసెసర్ కోసం బయోస్ స్థానంలో కొత్త ఏర్పాటు రాసుకుంటూ, దానితోపాటే కొత్త పట్టికనూ రాసింది. ఆ ఏర్పాటే పెరిగి ఇవాళ్టి యూఈఎఫ్‌ఐ అయింది. ఆ పట్టిక పేరు జీపీటీ.

జీపీటీని రాసినవాళ్ళు పాతదాని దెబ్బలన్నీ గుర్తుపెట్టుకున్నారనిపిస్తుంది. నాలుగు వరసలకు బదులు మామూలుగా 128. ఒక్కోదానికి 128 బైట్లు. ఎక్స్‌టెండెడ్, లాజికల్ అన్న గొడవ లేదు. పట్టిక నకలు ఒకటి డిస్కు చివరన కూడా ఉంటుంది, మొదటిది చెడితే దాన్నుంచి తిరిగి రాసుకోవచ్చు. పట్టిక చెడిందో లేదో తేల్చే సరిచూపు సంఖ్య కూడా రాసిపెట్టి ఉంటుంది. ప్రతి భాగానికీ 36 అక్షరాల చోటున్న పేరు పెట్టుకోవచ్చు. అది యూనికోడ్ కాబట్టి తెలుగులోనూ రాసుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం వేరు. జీపీటీ డిస్కులో మొదటి సెక్టార్‌ను పాత ఎంబీఆర్‌కే వదిలేశారు. అందులో ఒకే వరస ఉంటుంది, డిస్కంతా నిండిపోయిందని చెబుతూ. జీపీటీ తెలియని పాత ప్రోగ్రామ్ వచ్చి, ఇది ఖాళీ డిస్కు అనుకుని దున్నేయకుండా ఆ వరస కాపలా కాస్తుంది.

ఇక అప్‌గ్రేడ్ దగ్గర వచ్చే చిక్కులు. 2009లో వచ్చిన విండోస్ 7 డిస్కు మొదట్లో సిస్టమ్ రిజర్వ్‌డ్ అని 100 ఎంబీ భాగం చేసుకునేది. 2015లో విండోస్ 10కి మారబోతే, ఆ భాగాన్ని అప్‌డేట్ చేయలేకపోయామన్న సందేశం చాలామందికి ఎదురైంది. సీలో వందల జీబీ ఖాళీ ఉంది, చోటు చాలదంటుందేమిటని తలలు పట్టుకున్నారు. చాలనిది సీలో కాదు, ఆ 100 ఎంబీ గదిలో. దాన్ని పెంచుదామంటే పక్కనే సీ గట్టు. విండోస్ సొంత పనిముట్లతో ఒక భాగాన్ని పెంచాలంటే దాని కుడిపక్కన ఆనుకునే ఖాళీ ఉండాలి, ఊరి అవతల ఎంత బీడున్నా పనికిరాదు. అందుకే ముందు ఆ గదిలో అవసరం లేని ఫాంట్లు తీసేసి చోటు చేసేవారు. అదీ చాలకపోతే జీపార్టెడ్ లాంటి ప్రోగ్రామ్‌తో సీని మొత్తంగా కుడికి జరపాలి. అది గంటల పని, మధ్యలో కరెంటు పోకూడని పని. 2024 జనవరిలో మళ్ళీ అదే కథ. విండోస్ 10 అప్‌డేట్ ఒకటి రికవరీ భాగంలో చోటు చాలక ఎన్నో కంప్యూటర్లలో ఆగిపోయింది. సీని 250 ఎంబీ కుదించి రికవరీకి ఇమ్మని మైక్రోసాఫ్టే పద్ధతి రాసి ఇచ్చింది.

అన్నయ్య కంప్యూటర్ దగ్గరికి వస్తాను. యూఈఎఫ్‌ఐతో విండోస్ లేవాలంటే ఆ డిస్కులో ఎంబీఆర్ కాదు, జీపీటీ ఉండాలి. డిస్కులో ఉన్నవి చెరపకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే పనిముట్టు 2017 నుంచి విండోస్ 10లోనే ఉంది. దాని పేరు ఎంబీఆర్2జీపీటీ. మార్చకుండా ముందు సరిచూడమని కూడా అడగవచ్చు. అడిగాను, కుదరదంది. మూడుకు మించి ప్రైమరీ భాగాలు ఉండకూడదు, ఎక్స్‌టెండెడ్ అసలే ఉండకూడదు అన్నది దాని నియమం. మా ఈ, ఎఫ్ అడ్డం. సాయంత్రం ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చి నాలుగు డ్రైవ్‌ల ఫైళ్ళూ కాపీకి పెట్టాం. తెల్లవారుజాముకు అయింది. నాలుగైదు పెళ్ళిళ్ళ ఫోల్డర్లు తెరిచి ఫొటోలు చూసుకున్నాకే ఈ, ఎఫ్ రెండూ, వాటిని మోసిన ఎక్స్‌టెండెడ్ భాగమూ తీసేశాను. మౌస్ నొక్కేటప్పుడు అన్నయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. ఈసారి పనిముట్టు సరేనంది. నిమిషాల్లో మార్చింది. అప్పుడు బయోస్‌లో యూఈఎఫ్‌ఐ పెట్టాం. మొదటిరోజు నల్లతెర చూపించిన ఆ మార్పుకే ఇప్పుడు విండోస్ చక్కగా లేచింది. సెక్యూర్ బూట్, టీపీఎం అనే రక్షణ చిప్పు ఆన్ చేసి 11 ఎక్కించేసరికి మధ్యాహ్నం అయింది.

మీ ఇంట్లో ఇలాంటి చిక్కు వస్తే ఒక్క పొరపాటు చేయకండి. డ్రైవ్ కనిపించడం లేదని, ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే సరే అనకండి. చాలాసార్లు చెడేది రికార్డే, పంట కాదు. ఆ డిస్కులో కొత్తగా ఏమీ రాయకుండా ఆపేస్తే, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ పాత హద్దులు వెతికి రికార్డు తిరిగి రాయగలదు. అప్‌గ్రేడ్‌కు కూర్చునే ముందు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ భాగం ఎంత, ఏది దేని పక్కన అన్నది తర్వాత దాన్నిబట్టే తేలుతుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ వాడుతుంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్ జోలికి ఆ తర్వాతే.

కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇచ్చే తమ్ముళ్ళకు కూడా ఒక మాట. కొత్త డిస్కు పెట్టేటప్పుడు పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే బూట్ చేసి జీపీటీలో విండోస్ ఎక్కించండి. సీ, డీ అలవాటు ఉంచితే ఉంచండి. డీ బ్యాకప్ కాదని మాత్రం, బిల్లు రాసిచ్చేటప్పుడు కొన్నవాళ్ళకు నోటితో చెప్పండి.