ఇంటి గోడపై తుపాకి – ఇల్లాలికి చట్టము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో తుపాకి అనగానే ముఠాకక్షలే జ్ఞప్తికి వచ్చును. పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవి 2005 జనవరి 24న అనంతపురములో తుపాకి గుండ్లకు బలియైన సంగతి ఎవరును మరచిపోలేదు. కాని మేము నేడు ప్రస్తావింపదలచినది ఆ తుపాకిని గూర్చి కాదు. ఇది లైసెన్సు పొంది, చట్టబద్ధముగా ఇంటి గోడకు వ్రేలాడు తుపాకి. అడవిపందుల బారినుండి వేరుసెనగ చేనును కాపాడుకొనుటకై తెచ్చుకొన్నది కావచ్చును. ఆత్మరక్షణకని కొన్నది కావచ్చును. త్రాగి వచ్చిన భర్త దానివైపు ఒక్కసారి చూపు త్రిప్పినంతనే ఇల్లాలి నోరు మూతపడును. గుండు ప్రేలలేదు గదా, ఏమి జరిగినదని ఇరుగుపొరుగువారు అందురు. చట్టము అట్లనదు. బెదిరింపు కూడ గృహహింసయే.

మొదట లైసెన్సు సంగతి చూతము. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులో నున్నది. పంట రక్షణ నిమిత్తము మందు కూరి కాల్చు తుపాకికి, ఆత్మరక్షణకో వేటకో నిర్ణీతమైన పొడవుగల గొట్టపు తుపాకికి లైసెన్సు కోరువారిపట్ల ఆ చట్టము కొంత ఉదారముగనే వ్యవహరించును. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటునకు, అనగా కలెక్టరునకు, చేరవలెను. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడిననాటినుండి ఈ మూడు పట్టణములవారికిని పుట్టపర్తియే జిల్లా కేంద్రము. కలెక్టరు సమీప పోలీసు స్టేషనునుండి నివేదిక తెప్పించుకొనును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. స్టేషనులో కేసు నమోదైయున్ననే గదా నివేదికలో కనబడుట! నాలుగు గోడల నడుమ పడు దెబ్బలకు రికార్డు ఎక్కడిది? దరఖాస్తుదారుని భార్యను విచారించి తీరవలెనని మన చట్టములో లేదు. కెనడా దేశమున అట్లు కాదు. అచ్చట తుపాకి లైసెన్సు కోరువాని భార్య దరఖాస్తుపై సంతకము చేయవలెను, చేయనిచో ఆ సంగతి ఆమెకు తెలియజేయుదురు. మనకును అట్టి నిబంధన ఒకటి యుండిన బాగుండునని మా అభిప్రాయము.

ఇక లైసెన్సు ఇదివరకే యున్న ఇంటి మాట. ఇచ్చట రెండు చట్టములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువవలెను. 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చిన గృహహింస చట్టము, 19వ సెక్షనులో, హింసకు పాల్పడకుండుటకై ప్రతివాదిచేత పూచీకత్తు, అనగా బాండు, వ్రాయించుకొను అధికారమును మేజిస్ట్రేటునకు ఇచ్చినది. ఆ ఉత్తరువును క్రిమినల్ ప్రొసీజర్ కోడు ఎనిమిదవ అధ్యాయము క్రింది ఉత్తరువుగా భావింపవలెనని కూడ అందే చెప్పినది. ఆ కోడు స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినది. ఇప్పుడు ఆయుధముల చట్టము 9వ సెక్షనును తెరచి చూడుడు: శాంతిభంగము చేయకుండుటకు గాని సత్ప్రవర్తనకు గాని ఆ ఎనిమిదవ అధ్యాయము క్రింద బాండు వ్రాయవలసినదిగా ఉత్తరువు పొందినవాడు, ఆ బాండు గడువు తీరువరకు తుపాకిని కలిగియుండరాదు. ఒక చట్టము వేసిన ముడి రెండవ చట్టములో బిగియుచున్నది. కావున తుపాకి యున్న ఇంటి స్త్రీ తన అర్జీలో రక్షణ ఉత్తరువుతోపాటు ఈ బాండును కూడ ప్రత్యేకముగా కోరవలెను; పై రెండు సెక్షనులను చూపి వాదింపుమని వకీలునకు చెప్పవలెను.

ఇది గాక, మేజిస్ట్రేటు వ్రాతమూలముగా ఆదేశించినచో, హింసలో వాడిన ఆయుధమును స్వాధీనపరచుకొనుటకు రక్షణాధికారి పోలీసు సహాయము పొందవచ్చునని 2006 నాటి నిబంధనలలో నున్నది. ప్రజాశాంతి, ప్రజాభద్రతల నిమిత్తము లైసెన్సును నిలిపివేయుటకో రద్దు చేయుటకో 17వ సెక్షను కలెక్టరునకు అధికార మిచ్చుచున్నది. అయితే కేవలము ఒక కేసు నడచుచున్నదను కారణమున లైసెన్సు రద్దు చేయరాదని అలహాబాదు హైకోర్టు పలుమారులు తీర్పు చెప్పినది. కావున బెదిరింపు ఎప్పుడు, ఎట్లు జరిగినదో తేదీలతో వ్రాసి అర్జీ పెట్టుట మేలు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల లైసెన్సు తుపాకులను స్టేషనులో డిపాజిట్ చేయించుట మనము చూచుచున్నదే. ఊరి శాంతికై కొన్ని వారములు తుపాకిని తీసి దాచగలిగిన ప్రభుత్వమునకు ఇంటి శాంతికై ఆ పని అసాధ్యము కాదు గదా!

ఆమెకే ఒక తుపాకి యిచ్చిన సరిపోదా యని అడుగువారు కలరు. 21 సంవత్సరములు నిండిన స్త్రీ దరఖాస్తు పెట్టుకొనుటకు అడ్డు లేదు. ప్రాణభయమును పరిగణింపవలెనని 2016 నాటి నిబంధనలును చెప్పుచున్నవి. కాని పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రము, శిక్షణ, ఇవన్నియు పూర్తియగునంతవరకు ఆగువాడు కాడు కొట్టువాడు. 2015లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఒక స్త్రీ పర్మిట్టు కొరకు వేచియుండగనే, మాజీ ప్రియుని కత్తిపోట్లకు బలియైనది. అదియునుగాక, ఒకే ఇంటిలో నుండు తుపాకి ఎవరి పేరిట నున్నను, అది ఇద్దరి చేతికిని అందునదే.

కోర్టు దారి అంతకంటె దగ్గర. అర్జీపై మొదటి విచారణ సాధారణముగా మూడు దినములలో జరుగవలెను. అవసరమైనచో ప్రతివాది రాకముందే తాత్కాలిక ఉత్తరువు ఇయ్యవచ్చును. ఉత్తరువును మీరినవానికి ఏడాదివరకు జైలు, 20,000 రూపాయలవరకు జుల్మానా, లేక రెండును. హిందూపురములో మెట్టినిల్లు విడిచి ధర్మవరములో పుట్టినింట నున్న స్త్రీ ధర్మవరములోనే అర్జీ పెట్టుకొనవచ్చును. తాత్కాలికముగా నివసించు చోటైనను చాలును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవా సంస్థలద్వారా ఉచితముగా వకీలు లభించును. 181, 112 నెంబర్లకు టెలిఫోను చేసినను సహాయము అందును. ఎవరికి చెప్పుకొన్నను, ఇంటిలో తుపాకి యున్నదనియు, అది ఎవరి పేరిట నున్నదో, తూటాలు ఎక్కడ దాచబడినవో మొట్టమొదటనే చెప్పవలెను.