చిటికెడు లోహం... యుద్ధనౌకకు కవచం

భిలాయ్‌లో మా బాబాయి ఇంట్లో భోజనానికి కూర్చుంటే మాట యుద్ధనౌకల మీదికి మళ్లింది. శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలో ఇక్కడికి వచ్చిన ఆయన, ఉక్కు కర్మాగారం ప్లేట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో ఐఎన్ఎస్ విక్రాంత్ నౌకాదళంలో చేరిన రోజున టీవీ ముందు నుంచి లేవలేదట. ‘అందులో మేం రోల్ చేసిన ప్లేట్లున్నాయిరా’ అన్నారు.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. 262 మీటర్ల పొడవున్న విక్రాంత్‌కు దాదాపు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కును ‘సెయిల్’ అందించింది. అది బొకారో, భిలాయ్, రవుర్కెలా కర్మాగారాల్లో తయారైంది. అంతకుముందు యుద్ధనౌకల ఉక్కు కోసం మనం రష్యా వైపు చూసేవాళ్లం. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్ఎల్), నౌకాదళం, సెయిల్ కలిసి ఆ అవసరం తప్పించాయి. ఆ ఉక్కు రకాల్లో ఒకటి డీఎంఆర్ 249ఏ. 2014 ఆగస్టులో విశాఖలో విధుల్లో చేరిన ఐఎన్ఎస్ కమోర్తా దానితో తయారైందే.

ఆ బలం ఎక్కణ్నుంచి వస్తుందని అడిగాను. బాబాయి నవ్వారు. ‘అది మనం చేసేది కాదురా. వేడి, సమయం మనం ఇస్తాం. మిగతాది అదే చేసుకుంటుంది.’

అరిసెల పాకం లాంటిదే

ఆయన చెప్పిందే నేటి పదార్థ విజ్ఞానానికి కీలకం. ఉక్కు పైకి ఒకే ముద్దలా కనిపించినా, లోపల కోట్లాది స్ఫటిక రేణువుల పేర్పు ఉంటుంది. ఆ రేణువులు ఎంత సన్నగా ఉంటే ఉక్కు అంత బలంగా, అంత తేలిగ్గా పగలనిదిగా ఉంటుంది. మామూలుగా లోహానికి గట్టిదనం పెంచితే పెళుసుదనం కూడా పెరుగుతుంది. రెండు లాభాలనూ ఒకేసారి ఇచ్చేది ఈ సన్నదనమే.

దాన్ని సాధించేందుకు ఉక్కులో నియోబియం, వనేడియం వంటి లోహాలను చిటికెడు కలుపుతారు. నియోబియం వాటా వెయ్యి పాళ్లలో ఒక పాలు కూడా ఉండదు. ఉక్కు దిమ్మెను 1,200 డిగ్రీల వరకు వేడి చేసినప్పుడు ఆ నియోబియం అందులో కరిగిపోతుంది. రోలర్ల మధ్య నలుగుతూ ప్లేటు చల్లబడుతున్నకొద్దీ దాని పరమాణువులు కార్బన్‌ను వెతికి పట్టుకుని, కొన్ని నానోమీటర్ల కణాలుగా గుమిగూడతాయి. తల వెంట్రుక మందాన్ని 80 వేల భాగాలు చేస్తే అందులో ఒకటి సుమారుగా ఒక నానోమీటరు. ఆ కణాలు స్ఫటికాల సరిహద్దుల్లో అడ్డుకర్రల్లా నిలిచి వాటిని పెరగనివ్వవు.

అరిసెల పాకం పట్టినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అదే బెల్లం, అవే నీళ్లు. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది. ముదిరితే రాయిలా తయారవుతుంది. పొయ్యి మీంచి ఎప్పుడు దించాలన్నదే నేర్పు. ప్లేట్ మిల్లులోనూ అంతే. ఏ వేడి దగ్గర ఎంత నొక్కాలి, ఎంత వేగంగా చల్లార్చాలి అన్నది తప్పితే, కలిపిన లోహమంతా వృథా.

అలా తప్పితే ఏమవుతుందో చరిత్ర చెబుతోంది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో నిలిపి ఉంచిన ‘షెనెక్టడీ’ అనే కొత్త ట్యాంకరు చలి రాత్రి ఉన్నట్టుండి నడుమ విరిగింది. టార్పెడో తగల్లేదు, తుపాను రాలేదు. చలికి పెళుసెక్కిన ఉక్కు, అతుకుల్లోని లోపాలు కలిసి దాన్ని చీల్చాయి. శత్రువు పేలుడు ధాటికి గురయ్యే యుద్ధనౌకకు ఈ పగుళ్ల ముప్పు ఇంకా ఎక్కువ.

కోనసముద్రం నేర్పిన పాఠం

ఇది మనకు కొత్త విద్య కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కు ముద్దలతోనే డమాస్కస్ కత్తులు తయారయ్యాయి. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో కార్బన్ నానో గొట్టాలను చూశామని ప్రకటించారు. ఆ కత్తులపై అలల్లాంటి చారలు ఏర్పడటానికి ఖనిజంలోని పిసరంత వనేడియమే కారణమని అమెరికా లోహశాస్త్రవేత్తల వివరణ. ఆ ఖనిజం దొరకడం ఆగాక, ఎందుకో తెలియకుండానే విద్య చేజారిందని వారి వాదన. కమ్మరికి చేయి తెలుసు, కారణం తెలియదు. అందుకే ఆ విద్యను తిరిగి నిలబెట్టుకోలేకపోయాడు.

ఇప్పుడు ప్రపంచం ఇంకో మెట్టు ఎక్కుతోంది. ఉక్కులో పరమాణువులు కణాలుగా మారతాయి. ప్రయోగశాలల్లో తయారుచేసిన నానో కణాలు ద్రవంలో తమంతట తామే వరుసకట్టి పెద్ద పదార్థాలుగా మారుతున్నాయి. ప్రకృతి ఈ పని ఎప్పుడో చేసింది. ఓపల్ రత్నంలోని రంగులు వరుసగా పేరుకున్న సిలికా గోళాల వల్ల వచ్చినవే. 1995లో మౌంగి బావెండి బృందం ‘క్వాంటమ్ డాట్ల’ను స్ఫటికంలా పేర్చి చూపింది. క్వాంటమ్ డాట్ల ఆవిష్కరణకు గాను ఆయనకు, మరో ఇద్దరికి 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అలాంటి కణాల పొరలతో పరారుణ కాంతిని పసిగట్టే సెన్సర్లు చేయవచ్చు. చీకట్లో చూసే కెమెరాలు సైన్యానికి ఎంత అవసరమో వేరే చెప్పాలా?

చిటికెడుకీ దిగుమతే

భిలాయ్‌కి ఇనుప ఖనిజం దల్లీ రాజ్‌హరా గనుల నుంచి వస్తుంది. ఉక్కు మనదే, మిల్లు మనదే. కానీ నియోబియం మాత్రం మనది కాదు. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 90 శాతం ఒక్క బ్రెజిల్‌దే. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో నియోబియం, వనేడియం రెండూ ఉన్నాయి. రెండింటికీ పూర్తిగా దిగుమతులపైనే ఆధారపడుతున్నామని ఆ నివేదికే చెప్పింది. వేల టన్నుల ఉక్కు ఉన్నా, సముద్రమార్గం మూసుకుపోతే చిటికెడు లోహం కోసం పని ఆగవచ్చు.

అందుకే మూడు పనులు వెంటనే జరగాలి. రక్షణ ఉక్కుకు సరిపడా నియోబియం, వనేడియం నిల్వలను ముందుగానే సిద్ధం చేసుకోవాలి. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ కీలక ఖనిజాల మిషన్‌లో వీటికి తగిన చోటు దక్కాలి. రెండోది, 2016లో మొదలైన ఐఐటీ భిలాయ్ ఉక్కు కర్మాగారానికి దగ్గరలోనే ఉంది. అక్కడి విద్యార్థి మిల్లు వేడి చూడాలి, మిల్లు ఉద్యోగి అక్కడి సూక్ష్మదర్శినిలో తన ప్లేటు లోపలి రూపం చూడాలి. మూడోది, రిటైరవుతున్న ఉద్యోగుల అనుభవాన్ని కారణాలతో సహా రాసి పెట్టాలి.

బయల్దేరేటప్పుడు బాబాయిని అడిగాను, ప్లేటు సరైన వేడిలో ఉందో లేదో ఎలా తెలిసేదని. ‘మీటరు చూపించేది. కానీ మీటరు కంటే ముందే రంగు చూస్తే తెలిసిపోయేది’ అన్నారు. ఎవరికైనా నేర్పారా అంటే కాసేపు మాట్లాడలేదు. ‘అడిగినోళ్లకి చెప్పాను’ అన్నారు. ఇకనైనా వెళ్లి అడగాల్సింది మనమే.