తాళం ఆఫీసులో, తిట్లు ఇంట్లో

పాకాల జంక్షన్ కాడ మా పక్కింటి పిల్లోడు ఇంట్లోంచే బెంగళూరు కంపెనీకి పని చేస్తా ఉండాడు. మొన్న ఆఫీసోళ్లు మెయిల్ పెట్టినారు: "నీ ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ అప్‌డేట్ కాలేదు, లాగిన్ ఆపేస్తాం" అని. వాడు భయపడి దాన్ని తీసేసి మళ్లీ ఎక్కిద్దామని చూసినాడు. పాస్‌వర్డ్ అడిగింది. అది ఆఫీసోళ్ల కాడే ఉంటాది కదా!

నేను ఇంజనీరును కాదు, చూసి నేర్చుకున్నోణ్ణి. ఈ యాంటీవైరస్ మీద పెత్తనం మనది కాదు, ఆఫీసు సర్వర్‌ది. కొన్ని కంపెనీల్లో ఆ సర్వర్ ఆఫీసు నెట్‌వర్క్ లోపలే ఉంటాది. వీపీఎన్ కలపకుంటే మన ల్యాప్‌టాప్ దాన్ని అందుకోలేదు. మావాడిదీ అదే సంగతి. వీపీఎన్ పెట్టి గంటసేపు వదిలేస్తే అప్‌డేట్ అయిపాయ. అప్పటికీ కాకుంటే తేదీ, టైము సరిగా ఉండాయా చూడండి. అవి తప్పుంటే సర్వర్‌తో మాట కలవదు.

తప్పు అన్నిసార్లూ మనదే కాదబ్బా. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క చెడ్డ అప్‌డేట్‌కు ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయినాయి. సేఫ్ మోడ్‌లోకి పోయి ఆ ఫైలు తీసేద్దామంటే, బిట్‌లాకర్ తాళం అంకెలు చాలామందికి ఆఫీసు కాడే ఉండె.

అందుకే ఎర్ర గుర్తు కనపడిన రోజే ఫోటో తీసి ఆఫీసుకు మెయిల్ కొట్టండి. రేపు జీతం కోస్తామంటే చూపించేదానికి అదొక్కటే మన చేతిలో ఉండేది.