1994 శాన్ మారినో గ్రాండ్ ప్రి అనంతర పరిణామాలు

1994 శాన్ మారినో గ్రాండ్ ప్రి 1994 మే 1న ఇటలీ దేశంలోని ఇమోలా పట్టణంలో జరిగిన ఫార్ములా వన్ కార్ల పందెం. ఆ సంవత్సరపు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇది మూడవ పందెం. పేరులో శాన్ మారినో ఉన్నా, పందెం ఆ చిన్న దేశంలో జరగదు. ఇటాలియన్ గ్రాండ్ ప్రి అనే పేరు అప్పటికే మోంజాలో జరిగే పందేనికి ఉండటం వలన ఇమోలా పందేనికి పొరుగు దేశం పేరు పెట్టారు. ఈ పందెం జరిగిన వారాంతంలో ఆస్ట్రియాకు చెందిన రోలాండ్ రాట్జెన్‌బర్గర్, బ్రెజిల్‌కు చెందిన అయర్టన్ సెన్నా అనే ఇద్దరు డ్రైవర్లు మరణించారు. ఆ తరువాత మిగిలిన డ్రైవర్ల జీవితాలలోను, వారు నడిపే కార్లలోను, ట్రాక్‌లలోను వచ్చిన మార్పులు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

నేపథ్యం

ఫార్ములా వన్ కార్లకు చక్రాల మీద కప్పు ఉండదు. డ్రైవరు తల కూడా బయటికే ఉంటుంది. 1960లు, 1970లలో దాదాపు ప్రతి సంవత్సరం ఎవరో ఒక డ్రైవరు చనిపోయేవాడు. 1980లలో కార్బన్ ఫైబర్‌తో చేసిన దృఢమైన కారు గుల్లలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. పందెం వారాంతంలో డ్రైవరు మరణించడం చివరిసారిగా 1982లో కెనడాలో జరిగింది (రికార్డో పలెట్టి). 1986లో ఎలియో డి ఏంజెలిస్ మరణించినా అది పందెంలో కాదు, పరీక్షా పరుగులో. ఈ కారణంగా 1994లో ఉన్న యువ డ్రైవర్లలో చాలామంది తమ పందేలలో ఒక సహచరుని మరణం చూసి ఎరుగరు. ప్రమాదాల కాలం ముగిసిపోయిందనే నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది.

డ్రైవర్ల తరఫున మాట్లాడే సంస్థ కూడా అప్పటికి లేదు. 1961లో స్టిర్లింగ్ మాస్ మొదటి అధ్యక్షుడుగా ఏర్పడిన గ్రాండ్ ప్రి డ్రైవర్ల సంఘం 1982లో రద్దయింది. పన్నెండేళ్ళ పాటు ట్రాక్ భద్రత గురించి డ్రైవర్లు ఎవరికి వారే ఫిర్యాదు చేసుకోవలసి వచ్చింది.

ఆ మూడు రోజులు

ఏప్రిల్ 29, శుక్రవారం నాడు జోర్డాన్ జట్టు డ్రైవరు రూబెన్స్ బారికెల్లో కారు అదుపుతప్పి గాలిలోకి లేచి కంచెను ఢీకొట్టింది. ముక్కు విరిగింది, చేతికి గాయమైంది, స్పృహ తప్పింది. మెలకువ వచ్చినప్పుడు తనకు కనిపించింది తన దేశీయుడైన సెన్నా ముఖమేనని ఇతడు తరువాత చెప్పాడు. మరునాడు అర్హత పరుగులో సిమ్‌టెక్ జట్టు డ్రైవరు రాట్జెన్‌బర్గర్ కారు ముందు రెక్క విరిగింది. దాంతో గంటకు 300 కి.మీ. పైగా వేగంతో వెళ్తున్న కారు విల్నెవ్ మలుపు దగ్గర గోడను ఢీకొంది. ఇతనికి అప్పుడు 33 సంవత్సరాలు. చేతిలో ఉన్నది ఐదు పందేల ఒప్పందం మాత్రమే. అంతకుముందు ఇతడు ఒకే ఒక్క ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్నాడు.

ఆదివారం పందెం మొదలైన క్షణంలోనే జె.జె. లెహ్టో కారు కదలకుండా నిలిచిపోగా, వెనుక నుండి వచ్చిన పెడ్రో లామీ కారు దానిని గుద్దింది. శకలాలు కంచె దాటి వెళ్ళి ప్రేక్షకులను గాయపరిచాయి. పందెం ఆపకుండా, కార్లన్నింటినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారును ట్రాక్ మీదకు పంపారు. అది తప్పుకున్న తరువాత ఏడవ ల్యాప్‌లో, అందరికన్నా ముందున్న సెన్నా కారు టాంబురెల్లో మలుపు దగ్గర తిన్నగా వెళ్ళి గోడను ఢీకొట్టింది. ఇతనిని హెలికాప్టరులో బొలోన్యా నగరంలోని ఆసుపత్రికి తరలించారు. సాయంత్రం మరణించినట్లు ప్రకటించారు.

ఎరిక్ కోమాస్

సెన్నా ప్రమాదం తరువాత ఎర్రజెండా చూపి పందెం ఆపివేశారు. అయితే సమాచార లోపం వలన లారూస్ జట్టు డ్రైవరు ఎరిక్ కోమాస్‌ను పిట్స్ నుండి ట్రాక్ మీదకు వదిలారు. ఇతడు టాంబురెల్లోను సమీపించేసరికి మార్షల్స్ కంగారుగా జెండాలు ఊపి ఆపారు. వైద్యులు సెన్నాకు చికిత్స చేస్తున్న చోటికి కొద్ది దూరంలోనే ఇతని కారు ఆగింది.

దీనికి ఒక పూర్వకథ ఉంది. 1992లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద కోమాస్ ప్రమాదానికి గురై, స్పృహ లేని స్థితిలో కాలు యాక్సిలరేటర్ మీదనే ఉండిపోయి, ఇంజను హోరెత్తుతూ ఉండగా, వెనుక వస్తున్న సెన్నా తన కారు ఆపి, ట్రాక్‌కు అడ్డంగా పరుగెత్తి వచ్చి ఇంజను కట్టేశాడు. వైద్యులు వచ్చేవరకు కోమాస్ తలను కదలకుండా పట్టుకున్నాడు. మంటలు చెలరేగే అవకాశం ఉన్న కారు దగ్గరకు అలా పరుగెత్తడం నియమావళిలో లేని పని. ఇమోలాలో తాను మాత్రం ఏమీ చేయలేకపోయానన్న బాధ కోమాస్‌ను వదలలేదు. తిరిగి మొదలైన పందెంలో ఇతడు పాల్గొనలేదు. ఆ సంవత్సరం చివరలో ఫార్ములా వన్ నుండి తప్పుకున్నాడు. తరువాత జపాన్‌లో జి.టి. కార్ల పందేలలో 1998, 1999 సంవత్సరాలలో ఛాంపియన్ అయ్యాడు.

తిరిగి మొదలైన పందెం

ప్రమాదం జరిగిన 40 నిమిషాల లోపే పందెం మళ్ళీ మొదలైంది. ఈ నిర్ణయం మీద విమర్శలు ఆనాటి నుండి ఉన్నాయి. సెన్నా పరిస్థితి ఎంత విషమంగా ఉన్నదో కార్లలో కూర్చున్న వారిలో చాలామందికి తెలియదు. సెన్నాకు సన్నిహిత మిత్రుడైన గెర్హార్డ్ బెర్గర్ కొన్ని ల్యాప్‌ల తరువాత విరమించుకున్నాడు. పందెం చివరి భాగంలో మికేలె అల్బొరెటో కారు చక్రం పిట్ లేన్‌లో ఊడి పలువురు మెకానిక్‌లను గాయపరిచింది. మైకేల్ షూమాకర్ గెలిచాడు. నికోలా లారిని రెండవ స్థానంలో, మికా హక్కినెన్ మూడవ స్థానంలో నిలిచారు. విజేతల వేదిక మీద షాంపేన్ చల్లుకోలేదు. లారిని ఫార్ములా వన్ జీవితంలో వేదిక ఎక్కింది ఆ ఒక్కసారే.

సెన్నా కారు శకలాలలో మడిచి ఉన్న ఆస్ట్రియా జెండా దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బర్గర్ జ్ఞాపకార్థం దానిని ఎగురవేయాలని సెన్నా అనుకున్నాడు.

రెండు అంత్యక్రియలు

బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజులు సంతాప దినాలుగా ప్రకటించింది. మే 5న సావో పాలోలో జరిగిన సెన్నా అంత్యక్రియలకు లక్షలాది ప్రజలు వీధులలో బారులు తీరారు. ఒకప్పుడు ఇతనికి బద్ధ ప్రత్యర్థి అయిన అలెన్ ప్రోస్ట్, బెర్గర్, డేమన్ హిల్, బారికెల్లో, ఎమర్సన్ ఫిట్టిపాల్డి తదితరులు శవపేటికను మోశారు. రెండు రోజుల తరువాత ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో రాట్జెన్‌బర్గర్ అంత్యక్రియలు జరిగాయి. వాటికి హాజరైన డ్రైవర్లు కొద్దిమందే. బెర్గర్ రెండింటికీ వెళ్ళాడు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్.ఐ.ఏ.) అధ్యక్షుడు మాక్స్ మోస్లీ సాల్జ్‌బర్గ్‌కే వెళ్ళాడు.

మొనాకో - డ్రైవర్ల సంఘం పునరుద్ధరణ

తరువాతి పందెం రెండు వారాలలోనే మొనాకోలో జరిగింది. విలియమ్స్, సిమ్‌టెక్ జట్లు ఒక్కొక్క కారునే దింపాయి. గ్రిడ్‌లో మొదటి వరుసలోని రెండు స్థానాలను ఖాళీగా ఉంచి, అక్కడ నేల మీద బ్రెజిల్, ఆస్ట్రియా జెండాలు చిత్రించారు. అయితే మే 12న జరిగిన మొదటి సాధనలోనే సాబర్ జట్టు డ్రైవరు కార్ల్ వెండ్లింగర్ సొరంగం దాటిన తరువాత అదుపుతప్పి అడ్డుగోడను ఢీకొని కోమాలోకి వెళ్ళాడు. రాట్జెన్‌బర్గర్ వలె ఇతడు కూడా ఆస్ట్రియా దేశస్థుడే. ప్రాణం దక్కింది గాని ఆ సంవత్సరం మళ్ళీ పందేలలో పాల్గొనలేదు. 1995లో కొద్ది పందేలకు తిరిగి వచ్చినా పూర్వపు వేగం అందుకోలేక ఫార్ములా వన్ నుండి వైదొలిగాడు.

మరునాడు, అంటే మే 13న, డ్రైవర్లు సమావేశమై తమ సంఘాన్ని పునరుద్ధరించారు. మూడుసార్లు ఛాంపియన్ అయిన నికీ లౌడాతో పాటు షూమాకర్, బెర్గర్, క్రిస్టియన్ ఫిట్టిపాల్డిలను ప్రతినిధులుగా ఎన్నుకున్నారు. ఈ ఆలోచన పందెం నాటి ఉదయం ఇమోలాలో డ్రైవర్లు మాట్లాడుకున్నప్పుడే వచ్చింది. సంఘాన్ని తిరిగి నిలబెట్టడానికి ముందుకు వచ్చినవారిలో సెన్నా ఒకడు.

ఈ సంఘం ఎందుకు అవసరమో టాంబురెల్లో ఉదంతమే చెబుతుంది. అక్కడ 1987లో నెల్సన్ పికే, 1989లో బెర్గర్ ప్రమాదానికి గురయ్యారు. బెర్గర్ కారు మంటలలో చిక్కుకుంది. ఆ గోడను వెనుకకు జరపడం సాధ్యమా అని బెర్గర్, సెన్నా కలిసి నడిచి వెళ్ళి చూశారు. గోడ వెనుక సాంటెర్నో నది ఉన్నందున జరపడానికి చోటు లేదని తేల్చుకుని తిరిగి వచ్చారు. గోడను జరపలేకపోతే మలుపునే మార్చాలన్న ఆలోచన అప్పట్లో ఎవరూ పట్టుబట్టి అడగలేదు. 1995లో సరిగ్గా అదే చేశారు. టాంబురెల్లో, విల్నెవ్ మలుపుల దగ్గర వేగం తగ్గించే మెలికలు (షికేన్‌లు) ఏర్పరిచారు. నది మాత్రం అక్కడే ఉన్నది.

బార్సిలోనా, నియమాల మార్పు

మే చివరలో స్పానిష్ గ్రాండ్ ప్రి జరిగిన బార్సిలోనాలో సంఘానికి మొదటి పరీక్ష ఎదురైంది. అక్కడి వేగవంతమైన నిస్సాన్ మలుపు ప్రమాదకరమని డ్రైవర్లు పట్టుబట్టగా, దానికి ముందు టైర్ల కట్టలతో తాత్కాలికంగా ఒక షికేన్ అమర్చారు. చూడటానికి అది అందంగా లేదు. కాని డ్రైవర్లు ఒక్క మాట మీద నిలబడి కొద్ది రోజులలో ఒక ట్రాక్‌ను మార్పించగలిగారు.

ఎఫ్.ఐ.ఏ. కూడా వేగంగా కదిలింది. మొనాకోలో పిట్ లేన్ వేగానికి పరిమితి విధించారు. స్పెయిన్ నుండి కారును నేలకు అదిమిపట్టే గాలి ఒత్తిడిని తగ్గించేందుకు అడుగు భాగాన్ని, ముందు రెక్కలను కుదించారు. జర్మనీ పందెం నుండి కారు అడుగున 10 మి.మీ. మందం గల చెక్క పలకను తప్పనిసరి చేశారు. కారు నేలకు మరీ దగ్గరగా ఉంటే పలక అరిగిపోయి పట్టుబడుతుంది. 1995లో ఇంజను పరిమాణాన్ని 3.5 లీటర్ల నుండి 3 లీటర్లకు తగ్గించారు. 1996లో డ్రైవరు తల చుట్టూ ఎత్తయిన మెత్తలు వచ్చాయి. మెడను కాపాడే హాన్స్ పరికరం 2003లో తప్పనిసరి అయింది.

సీజన్ మధ్యలో ఇంత హడావుడిగా మార్పులు చేయడాన్ని జట్లు వ్యతిరేకించాయి. ప్రమాదాలు కూడా వెంటనే ఆగలేదు. ఇమోలాలో చెక్కుచెదరకుండా బయటపడిన లామీ, అదే నెలలో సిల్వర్‌స్టోన్‌లో పరీక్షా పరుగులో వెనుక రెక్క ఊడిపోయి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. రాట్జెన్‌బర్గర్ స్థానంలో సిమ్‌టెక్‌కు వచ్చిన ఆండ్రియా మోంటెర్మిని బార్సిలోనాలో మొదటి ప్రయత్నంలోనే పాదాలకు గాయాలై వెనుదిరిగాడు.

మిగిలిన డ్రైవర్లు

సెన్నా సహచరుడైన డేమన్ హిల్ మీద విలియమ్స్ జట్టు భారమంతా పడింది. ఇతడు బార్సిలోనాలో గెలిచి జట్టును నిలబెట్టాడు. సెన్నా కారు డేవిడ్ కౌల్తార్డ్‌కు, కొన్ని పందేలలో నైజెల్ మాన్సెల్‌కు దక్కింది. చివరి పందెమైన అడిలైడ్‌లో షూమాకర్, హిల్ కార్లు ఢీకొనగా, 92-91 పాయింట్లతో షూమాకర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ విజయాన్ని ఇతడు సెన్నాకు అంకితమిచ్చాడు. హిల్ 1996లో ఛాంపియన్ అయ్యాడు.

పందేలు మానివేయాలా అని ఆలోచించిన బెర్గర్, జూలైలో హాకెన్‌హైమ్‌లో గెలిచి 1990 తరువాత ఫెరారీ జట్టుకు మొదటి విజయం అందించాడు. బారికెల్లో అదే సంవత్సరం స్పాలో పోల్ సాధించి, 2011 వరకు పందేలలో కొనసాగాడు. లెహ్టో 1994తో ఫార్ములా వన్‌కు దూరమైనా, మరుసటి సంవత్సరమే లె మాన్స్ 24 గంటల పందెం గెలిచాడు. లామీ 1995లో మినార్డి జట్టులో తిరిగి వచ్చాడు. హక్కినెన్ 1995 చివరలో అడిలైడ్‌లో మృత్యుముఖంలోకి వెళ్ళి, ట్రాక్ పక్కనే గొంతుకు శస్త్రచికిత్స జరిగి బతికాడు. తరువాత 1998, 1999లలో ఛాంపియన్ అయ్యాడు.

షూమాకర్ దుఃఖం బయటపడటానికి ఆరేళ్ళు పట్టింది. 2000 సెప్టెంబరులో మోంజాలో గెలిచి, సెన్నా 41 విజయాల సంఖ్యను సమం చేశాడు. విలేకరుల సమావేశంలో ఆ సంగతి ప్రస్తావనకు రాగానే మాట రాక ఏడ్చేశాడు. పక్కన కూర్చుని ఓదార్చినవాడు హక్కినెన్. ఇమోలా వేదిక మీద ఇతనితో నిలబడినవాడే.

న్యాయ విచారణ

సెన్నా మరణంపై ఇటలీలో 1997లో విచారణ మొదలైంది. స్టీరింగు కాండాన్ని కోసి అతికించిన చోట అది విరిగిందా, లేక ఢీకొన్నప్పుడు విరిగిందా అన్నది ప్రధాన వివాదం. హిల్, కౌల్తార్డ్ సాక్ష్యం చెప్పారు. నిందితులందరినీ అదే సంవత్సరం డిసెంబరులో నిర్దోషులుగా ప్రకటించారు. అప్పీళ్ళ తరువాత 2007లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం స్టీరింగు కాండం విరగడమే కారణమని, దానికి విలియమ్స్ సాంకేతిక అధిపతి పాట్రిక్ హెడ్ బాధ్యుడని పేర్కొన్నది. కాని కాలపరిమితి దాటినందున శిక్ష విధించలేదు.

తరువాతి కాలం

ఇమోలా తరువాత గ్రాండ్ ప్రి వారాంతంలో జరిగిన ప్రమాదం వలన డ్రైవరు మరణించడం ఇరవై ఏళ్ళ వరకు జరగలేదు. 2014 అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో గాయపడిన జూల్స్ బియాంకి 2015 జూలైలో కన్నుమూశాడు. అయితే 2000లో మోంజాలో, 2001లో మెల్బోర్న్‌లో ఎగిరిపడిన చక్రాల వలన ఇద్దరు మార్షల్స్ మరణించారు. డ్రైవర్ల భద్రత గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి తరచు మరుగున పడుతుంది. 2018లో డ్రైవరు తలకు రక్షణగా హాలో అనే చట్రం తప్పనిసరి అయింది.

రాట్జెన్‌బర్గర్ 1994 జూన్‌లో లె మాన్స్‌లో టయోటా కారు నడపవలసి ఉండినది. ఇతని స్థానంలో ఎడ్డీ ఇర్విన్ వచ్చాడు. కారు మీద మాత్రం రాట్జెన్‌బర్గర్ పేరును అలాగే ఉంచారు. ఆ కారు రెండవ స్థానంలో నిలిచింది. 2024 మే నెలలో ఇమోలాలో సెబాస్టియన్ వెట్టెల్ పిలుపు మీద డ్రైవర్లు టాంబురెల్లో దగ్గర సమావేశమై ఇద్దరికీ నివాళులర్పించారు. తరువాత వెట్టెల్ సెన్నా 1993లో నడిపిన మెక్‌లారెన్ కారును ట్రాక్ మీద నడిపి, బ్రెజిల్ జెండాతో పాటు ఆస్ట్రియా జెండాను కూడా చూపించాడు.