దారము చూపిన దారి

ఫిన్లాండు దేశమునకు రాజధాని హెల్సింకి. జపానునకు రాజధాని టోక్యో. మొదటిది ఐరోపా ఖండమున ఉత్తరభాగమందును, రెండవది ఆసియా ఖండమునకు తూర్పుననున్న ద్వీపమందును కలవు. ఈ రెంటికిని నడుమ ఎంత దూరమున్నదని గోడపటమును మాత్రమే చూచి చెప్పబూనినవాడు పొరపడును. గుండ్రని భూమిని చదునైన కాగితముపై చిత్రించునపుడు దూరములును, ఆకారములును కొంత మాఱక తప్పదు.

తరగతిలోని గోళముపై ఈ రెండు నగరములకు నడుమ ఒక దారమును బిగించి పట్టినచో నిజము తెలియును. టోక్యో హెల్సింకికంటె ఎంతో దక్షిణముననున్నను, దారము మొదట ఈశాన్యముగా సాగి, ఆర్కిటిక్ వలయము వఱకు పోయి, సైబీరియా మీదుగా దక్షిణమునకు దిగును. గోళముపై రెండు తావులకు నడుమ మిక్కిలి దగ్గఱి దారి ఇదియే. దీని పొడవు సుమారు 7,800 కిలోమీటర్లు. గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగముతో పోవు జెట్ విమానమునకు ఇది ఇంచుమించు తొమ్మిది గంటల ప్రయాణము. అంత ఎత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలులు వీచుచుండును. కావున టోక్యోకు పోవునపుడు కాలము కొంత తగ్గును. మఱలివచ్చునపుడు కొంత పెరుగును.

అయినను ఈ దారి చిరకాలము విమానములకు లభింపలేదు. నేలకువలెనే ఆకాశమునకును ఎల్లలు కలవు. ప్రతి దేశమునకును తన నేలపైనున్న ఆకాశమునందు సంపూర్ణాధికారము కలదని 1944లో షికాగో నగరమున కుదిరిన ఒడంబడిక అంగీకరించెను. సైబీరియా ఆనాడు సోవియట్ యూనియనులోనిది. ఆ రాజ్యమునకును పశ్చిమదేశములకును వైరముండుటచే ఆ మార్గము మూసియుండెను. అందుచే 1957లో స్కాండినేవియా విమానసంస్థ కోపెన్‌హేగన్ నుండి ఉత్తరధ్రువప్రాంతము మీదుగా అలాస్కాలోని ఆంకరేజి చేరి, అచట ఇంధనము నింపుకొని టోక్యోకు పోవు మార్గమును ప్రారంభించెను. 1983లో ఫిన్లాండు విమానమొకటి అదనపు ఇంధనపు తొట్లు అమర్చుకొని, ధ్రువము మీదుగా పోయి, అలాస్కా సైబీరియాల నడుమనున్న బేరింగు జలసంధిని దాటి, ఎచ్చటను ఆగక టోక్యో చేరెను. ఈ చుట్టుదారికి పదుమూడు గంటలు పట్టెను.

కాలక్రమమున వైరము సడలెను. సైబీరియా మార్గము తెఱువబడెను. పదుమూడు గంటల ప్రయాణము తొమ్మిది గంటలకు తగ్గెను. ఆసియాకు పోవు దగ్గఱి దారిలోనుండుటచే హెల్సింకి విమానాశ్రయము అనేక ఐరోపా నగరముల ప్రయాణికులకు కూడలి ఆయెను.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తెను. ఐరోపా సమాఖ్య దేశములును రష్యాయు పరస్పరము తమ ఆకాశమును మూసికొనెను. హెల్సింకి విమానములు మఱల ధ్రువమార్గమును పట్టవలసి వచ్చెను. దూరము దాదాపు 13,000 కిలోమీటర్లయ్యెను. దూరము పెరిగినచో ఇంధనము ఎక్కువ కావలెను, ఇంధనపు బరువు పెరిగినచో సరకు తగ్గింపవలెను, వ్యయమును పెరుగును. ప్రయాణికులకు మాత్రము ధ్రువమును దాటిన గుర్తుగా పత్రములు లభించెను.

1983 నాటి విమానములకంటె 2022 నాటి విమానములు ఎంతో మేలైనవి. అయినను నాడు పట్టిన పదుమూడు గంటలే మఱల పట్టెను. గోళముపై దారము మాఱలేదు. రెండు నగరములును తమ తావులనుండి కదలలేదు. దేశముల నడుమ మైత్రి చెడుటచేతనే ఆ నాలుగు గంటలు పెరిగెను.