ప్రధానమునకును పెండ్లికిని నడుమ



క్రీస్తు వరుడనియు, సంఘము ఆయన వధువనియు మన ఆరాధనలలో తరచుగా వినుచుందుము. కొన్ని యేండ్ల క్రిందట మా గ్రామమున ఒక వృద్ధుడు నన్ను చాటునకు పిలిచి, "అయ్యా, నా మీసము నెరసినది. మనుమల నెత్తినవాడను. నేను పెండ్లికూతురు నెట్లగుదును?" అని యడిగెను. ఆయన నవ్వుచునే యడిగెను గాని, ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. నాడు నేను సరియైన ప్రత్యుత్తర మియ్యలేకపోతిని. నేడు ఆ ఋణము కొంతయైన తీర్చుకొన యత్నించెదను.

మొదట తెలిసికొనవలసిన దేమనగా, వేదగ్రంథమున ఈ మాట ప్రధానముగా ఒక వ్యక్తిని గూర్చి చెప్పబడినది కాదు. హోషేయ, యిర్మీయా మొదలగు ప్రవక్తలు ఇశ్రాయేలు జనమంతటిని దేవుని భార్యగా వర్ణించిరి. అపొస్తలుడైన పౌలు గ్రీసు దేశమందలి కొరింథు పట్టణపు సంఘమునకు వ్రాయుచు, ఆ సంఘమంతటిని క్రీస్తను ఒక్క పురుషునికి ప్రధానము చేసితినని చెప్పెను. ఆ సంఘమున పురుషులును స్త్రీలును, దాసులును స్వతంత్రులును ఉండిరి. కనుక ఇచట పెండ్లికూతురనగా స్త్రీ యని కాదు. ఒక్కనికే తన్ను తాను అప్పగించుకొన్న హృదయమని భావము. ఇట్టి భావము తెలుగువారికి క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో గోదాదేవి శ్రీరంగనాథుని వరించిన కథను మతభేదము లేక మన పెద్దలు చదివి యానందించిరి గదా!

ఇక, పౌలు పెండ్లి యనక ప్రధానమని యేల యనెను? ప్రాచీన యూదుల ఆచారమున వివాహమునకు రెండు ఘట్టములు గలవు. మొదటిది ప్రధానము. అది మన తాంబూలముల వంటిది మాత్రమే కాదు, అంతకంటె గట్టిది. ప్రధానమైన కన్య చట్టము ననుసరించి భార్యయే. దానిని త్రెంచుటకు విడాకుల పత్రిక వలయును. కావుననే మరియ యోసేపునకు ప్రధానము చేయబడి, వారింకను ఏకము కాకమునుపే, యోసేపు ఆమెను రహస్యముగా విడనాడ దలచెనని సువార్తలో చదువుచున్నాము. పిదప కొంతకాలమునకు రెండవ ఘట్టము: వరుడు వచ్చి వధువును తన యింటికి గొనిపోవుట. క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా యను యూదుల ధర్మసంగ్రహమున, వరుడు పెండ్లి కోరిన పిదప కన్య తన్ను సిద్ధపరచుకొనుటకు 12 నెలల గడువును, వరుడు సిద్ధపడుటకు అంతే గడువును విధింపబడినవి.

విశ్వాసి జీవితమంతయు ఈ నడిమి కాలమే. సంబంధము కుదిరినది, పెండ్లి రాత్రి యింకను రాలేదు. ఈ స్థితి తెలియకపోవుటచేత మనము రెండు విధముల తప్పుచున్నాము. కొందరు, "నేను యోగ్యుడనైనగాని ఆయన నన్ను స్వీకరింపడు" అని భయపడుదురు. మరికొందరు, "బాప్తిస్మమైనది, సంఘపు పుస్తకములో పేరున్నది, ఇక చేయవలసిన దేమున్నది?" అని నిద్రింతురు.

మొదటివారికి హోషేయ కథయే ప్రత్యుత్తరము. అతని భార్య గోమెరు అతనికి నమ్మకముగా నుండలేదు. వ్యభిచారిణియైన స్త్రీని మరల ప్రేమింపుమని దేవుడు ఆజ్ఞాపింపగా, అతడు 15 తులముల వెండియు, కొంత యవధాన్యమును ఇచ్చి ఆమెను కొనితెచ్చి, అనేక దినములు తన పక్షమున నిలిచియుండుమని చెప్పెను. చూడుడు: కొనుట ముందు, నిలుచుట తరువాత. ఆమె మారినదని అతడు కొనలేదు; కొనబడినది గనుక ఆమె మారవలసియుండెను.

రెండవవారిలో నేనును ఒకడను. నా చెల్లెలికి ప్రధానమైన పిదప వరుడు కొలువు నిమిత్తము దూరదేశమునకు పోవుటచే పెండ్లి యాలస్యమాయెను. అతడు జాబులు వ్రాయుచుండెను. ఆమెకు చదువు రాదు. మొదటి జాబు నేను చదివి వినిపించితిని. రెండవ జాబు రాగా ఆమె సిగ్గుపడి, దానిని పెట్టెలో దాచుకొని, "అన్నా, నాకు అక్షరములు నేర్పుము" అనెను. ఆరు నెలలలో తన జాబులు తానే చదువుకొనెను. చదువు వచ్చినగాని పెండ్లాడనని అతడు అనలేదు. అతని మాట మరియొకరి నోట వినుట ఆమెకు చాలకపోయెను, అంతే. నేనో, సంఘపెద్దనై ముప్పది యేండ్లు గ్రంథమును ఇతరులకు చదివి వినిపించితిని. అది నాకు వచ్చిన జాబని యెన్నడు చదివితినా యని యొకనాడు తలచుకొనగా నాకు సిగ్గు కలిగెను.

ఈ యెదుగుదలకు మెట్లు గలవా? ఫ్రాన్సు దేశమున క్లేర్వో మఠాధిపతియైన బెర్నార్డు 1135లో పరమగీతముపై ప్రసంగములు మొదలిడి, 1153లో మరణించునాటికి 86 ప్రసంగములు చేసెను. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథమున మూడవ అధ్యాయపు ఆరంభమునకు మాత్రమే చేరగలిగెను. ఆయన మూడు మెట్లు చెప్పెను. మొదట ప్రభువు పాదములను ముద్దిడుట, అది పశ్చాత్తాపము. పిదప ఆయన హస్తమును ముద్దిడుట; పడినవానిని లేవనెత్తి సత్క్రియలలో నిలుపునది ఆ హస్తమే. తుదకు ఆయన ముఖమును ముద్దిడుట, అది ఐక్యము. పాదములను విడిచి ముఖమునకు ఎగబ్రాకరాదని ఆయన హెచ్చరిక.

స్పెయిను దేశపు ఆవిలా నగరవాసిని తెరేసా 62 ఏండ్ల వయస్సున, 1577లో, ఆత్మను ఏడు నివాసములు గల కోటతో పోల్చి యొక గ్రంథము వ్రాసెను. ఏడవ నివాసమున ఆత్మకు ప్రభువుతో వివాహము. అచట చేరినవారు కన్నులు మూసికొని పరవశులై యుందురని మన మనుకొందుము. ఆమె యట్లనలేదు. ఆ వివాహఫలము సత్క్రియలే యనియు, ప్రభువునకు ఆతిథ్య మిచ్చుటకు మార్తయు మరియయు కలిసి యుండవలెననియు బోధించెను. అరువది దాటిన పిదప ఆమె యిట్లు వ్రాసినదన్న సంగతి మనవంటి వృద్ధులు మరువరాదు.

ప్రకటన గ్రంథమున వధువు ధరించు సన్నని నారబట్ట ఆమెకు ఇయ్యబడినదని యున్నది. అదియే పరిశుద్ధుల నీతిక్రియలనియు నున్నది. ఇచ్చినది ఆయన, దినదినము కట్టుకొనవలసినవారము మనము. అప్పు తీర్చని వారిని క్షమించుట, గట్టు తగవు మానుకొనుట, కోడలితో మెత్తగా మాటలాడుట, ఇవియే ఆ బట్టలోని పోగులు. పదిమంది కన్యకల ఉపమానమున నూనె చాలనివారికి తోడివారు ఇయ్యలేకపోయిరి. తండ్రి భక్తి కుమారునికి చాలదు. బోధకుని ప్రార్థన సంఘమునకు చాలదు. ఎవరి దివ్వెకు వారే నూనె పోసికొనవలెను.

నన్ను ప్రశ్నించిన ఆ వృద్ధుడు నేడు లేడు. ఉన్నయెడల ఇట్లు చెప్పియుందును: "తాతా, నీ మీసము నెరయుట అడ్డు కాదు, గడువు దగ్గరపడినదనుటకు అది గురుతు. సంబంధము తప్పిపోదు. ఆయన జాబు ఇంకను విప్పకయున్న యెడల, ఈ రాత్రియే దీపము దగ్గరకు జరుపుకొని విప్పుము."