గాదె అక్కడ, తాళంచెవి ఇక్కడ

రైతు పండిన ధాన్యాన్ని గాదెలో పోసి దాచుకుంటాడు. తిండిగింజలు పోతే ఎక్కడో అప్పు తెచ్చుకోవచ్చు గాని, విత్తనాల గింజలు పోతే మరుసటి ఏటి పంటే పోతుంది. అందుకే విత్తనాలను మరింత పదిలంగా చూసుకుంటాడు.

శాస్త్ర పరిశోధకులకూ ఇలాంటి పంట ఒకటి ఉంది. అదే డేటా. టెలిస్కోపు తీసిన నక్షత్రాల ఫోటోలు, ఆస్పత్రిలో రోగుల నుంచి సేకరించిన వివరాలు, తుపాను వచ్చినప్పుడు కొలిచిన గాలి వేగాలు - ఇవన్నీ డేటాయే. వీటిలో కొన్నిటిని పోగొట్టుకుంటే మళ్ళీ సంపాదించడం అసాధ్యం. వెళ్ళిపోయిన తుపానును వెనక్కి పిలిచి మళ్ళీ కొలవగలమా?

ఈ డేటాను దాచడానికి విశ్వవిద్యాలయాలు పెద్ద పెద్ద గాదెలు ఏర్పాటు చేసుకున్నాయి. చల్లబరచిన గదుల్లో బీరువాల్లాంటి చట్రాలుంటాయి. వాటి నిండా వరసగా డిస్కులుంటాయి. ఈ డిస్కులను నడిపిస్తూ, అడిగినవారికి ఫైళ్ళు అందించే కంప్యూటరును సర్వర్ అంటారు. పరిశోధకురాలు మాత్రం తన గదిలోనో, ఇంట్లోనో, మరో ఊళ్ళోనో కూర్చుని పనిచేస్తుంది. ఎక్కడో ఉన్న గాదె ఆమె బల్ల మీది కంప్యూటరుకు ఎలా అందుతుంది? దారిలో దొంగలు పడకుండా ఏం చేస్తారు? ఇవాళ ఈ సంగతి తెలుసుకుందాం.

మోసుకు రావడం ఎందుకు కుదరదు?

"కావలసిన ఫైళ్ళన్నీ ఒక్కసారి తెచ్చేసుకుంటే సరి కదా?" అని మీరు అడగవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం.

కంప్యూటరులో ఒక అక్షరం పట్టేంత చోటును బైటు అంటారని మీకు తెలుసు. ఒక టెరాబైటు అంటే లక్ష కోట్ల బైట్లు. ఒక బైటులో 8 బిట్లుంటాయి కనుక అది 8 లక్షల కోట్ల బిట్లు. మన ఇంటర్నెట్ లైను సెకనుకు 10 కోట్ల బిట్లు తెస్తుందనుకుందాం. భాగహారం చేస్తే 80,000 సెకన్లు వస్తుంది. అంటే 22 గంటల పైచిలుకు! ఒక పరిశోధన బృందానికి ఇలాంటి టెరాబైట్లు పదులకొద్దీ ఉండవచ్చు.

తీరా తెచ్చుకున్నా మరో చిక్కుంది. ఒకే ఫైలుకు నలుగురి దగ్గర నాలుగు నకళ్ళు తయారవుతాయి. నలుగురూ నాలుగు విధాలుగా దిద్దితే ఏది అసలుదో తేలదు. పైగా ఆ నకలున్న ల్యాప్‌టాప్‌ను రైల్లో మరిచిపోతే, అందులోని రోగుల వివరాలు ఎవరి చేతిలో పడతాయో!

అందుచేత గాదెను కదిలించకుండా, దాని తలుపును మాత్రం మన దగ్గరికి తెచ్చుకుంటారు. కంప్యూటరులో సి, డి అనే డ్రైవులు మీరు చూసే ఉంటారు. వాటి పక్కన మరో డ్రైవు కొత్తగా కనిపిస్తుంది. చూడడానికి అది కంప్యూటరు లోపలే ఉన్నట్టుంటుంది. ఫైలు మీద నొక్కగానే కంప్యూటరు సర్వర్‌కు కబురు పంపుతుంది: "ఫలానా ఫైలులో ఇన్నో బైటు నుంచి ఇన్ని బైట్లు కావాలి". సర్వర్ అంతమేరకే పంపుతుంది. మొత్తం బస్తాను దించకుండా సోలెడు గింజలు కొలిచి ఇవ్వడమన్నమాట. ఇలా కబుర్లు నడవడానికి ముందే ఒప్పుకున్న పద్ధతిని ప్రోటోకాల్ అంటారు. ఈ పనికి ఎక్కువగా వాడుకలో ఉన్నది ఎస్ఎంబీ అనే ప్రోటోకాల్. దీని మొదటి రూపం 1983 ప్రాంతంలో తయారైంది.

దారి కాచే దొంగలు

కబుర్లు తీగ వెంట పోతున్నాయి కదా, మధ్యలో ఎవరైనా వింటే? ఇది ఊహించి చెబుతున్న భయం కాదు.

1995లో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో దొంగచాటుగా ఒక ప్రోగ్రాము పెట్టారు. దాని పని ఒక్కటే - తీగల మీద పోయే పాస్‌వర్డులను పోగుచేయడం. ఆ రోజుల్లో దూరపు కంప్యూటరుతో మాట్లాడడానికి టెల్‌నెట్ అనే పద్ధతి వాడేవారు. అందులో పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగానే ప్రయాణం చేసేది! ఆ విశ్వవిద్యాలయంలోనే పరిశోధకుడైన తాతు యిలొనెన్ దీనికి విరుగుడుగా ఎస్ఎస్‌హెచ్ అనే కొత్త ప్రోటోకాల్‌ను తయారుచేసి, 1995 జూలైలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ సంవత్సరం ముగిసేలోగా 50 దేశాల్లో సుమారు 20,000 మంది దాన్ని వాడసాగారు.

ఇందులో ఒక తమాషా ఉంది. సర్వర్‌లో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ద్వారం ఉంటుంది. ఆ ద్వారాలకు అంకెలుంటాయి. ఫైళ్ళు పంపే పాత పద్ధతిది 21వ ద్వారం. టెల్‌నెట్‌ది 23. నడుమ 22 ఖాళీగా ఉంది. తన ప్రోటోకాల్ ఈ రెంటి పనీ చేస్తుంది కనుక యిలొనెన్ ఆ 22నే అడిగి తీసుకున్నాడు. నేటికీ ఎస్ఎస్‌హెచ్ ద్వారం అదే.

నలుగురిలో రహస్యం

ఎస్ఎస్‌హెచ్ కబుర్లను రహస్య లిపిలోకి మార్చి పంపుతుంది. ఆ లిపిని విప్పే తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉండాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇద్దరూ అదివరకు ఎన్నడూ కలుసుకోలేదు. మాట్లాడుకునే ప్రతి మాటనూ దొంగ వింటున్నాడు. మరి తాళంచెవిని ఎలా అందజేసుకుంటారు?

దీనికి దారిని 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రకటించారు. ఇందులో మీకు రాని గణితం ఏమీ లేదు. ఘాతాలు, భాగహారంలో శేషం - ఈ రెండే. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ముందుగా ఇద్దరూ అందరికీ వినబడేలా రెండు సంఖ్యలు ఒప్పుకుంటారు: 3, 17. పరిశోధకురాలి కంప్యూటరు మనసులో 4 అనుకుంటుంది. 3ను నాలుగుసార్లు వేసి గుణిస్తే 81. దాన్ని 17తో భాగిస్తే శేషం 13. ఈ 13ను సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ మనసులో 7 అనుకుంటుంది. 3ను ఏడుసార్లు వేసి గుణిస్తే 2187. 17తో భాగిస్తే శేషం 11. దాన్ని ఇటు పంపుతుంది.

ఇప్పుడు చూడండి. కంప్యూటరు తనకు వచ్చిన 11ను తన రహస్యమైన 4 ఘాతానికి హెచ్చిస్తుంది: 14,641. 17తో భాగిస్తే శేషం 4. సర్వర్ తనకు వచ్చిన 13ను తన రహస్యమైన 7 ఘాతానికి హెచ్చిస్తుంది: 6,27,48,517. 17తో భాగిస్తే శేషం అదే 4! ఇద్దరికీ ఒకే సంఖ్య దొరికింది. అదే తాళంచెవి. (ఇది మొదట అనుకున్న 4తో సమానం కావడం కేవలం కాకతాళీయం.)

ఇద్దరికీ ఒకే జవాబు ఎందుకొచ్చింది? మొదటిది 3ను ముందు 7కు, తరువాత 4కు హెచ్చించడం. రెండవది ముందు 4కు, తరువాత 7కు. రెండూ 3 యొక్క 28వ ఘాతమే.

దొంగ విన్నవి 3, 17, 13, 11 మాత్రమే. 3ను ఎన్నో ఘాతానికి హెచ్చిస్తే శేషం 13 వస్తుందో వాడు కనిపెట్టాలి. 17 చిన్న సంఖ్య కనుక ఒక్కొక్కటే వేసి చూసి పట్టేస్తాడు. కాని 17కు బదులు 600 అంకెలు దాటిన ప్రధాన సంఖ్యను తీసుకుంటే? ముందుకు లెక్క కట్టడం కంప్యూటరుకు రెప్పపాటు పని. వెనక్కి రావడం మాత్రం నేటి కంప్యూటర్లన్నీ కలిసినా కాని పని. పెరుగు చిలికి వెన్న తీయవచ్చు గాని, వెన్నను తిరిగి పెరుగు చేయగలమా?

మారువేషం వేస్తే?

ఇంకా ఒక అనుమానం మిగిలింది. అవతల మాట్లాడుతున్నది నిజంగా మన సర్వరేనా? దొంగ నడుమ కూర్చుని, ఇటు సర్వర్‌లాగా, అటు పరిశోధకురాలిలాగా నటించవచ్చు కదా!

అందుకని ప్రతి సర్వర్‌కూ ఒక వేలిముద్ర ఉంటుంది. అది దాని తాళంచెవి నుంచి లెక్కకట్టిన అక్షరాల వరస. మొదటిసారి కలిసినప్పుడు కంప్యూటరు దాన్ని తెరమీద చూపించి, "ఇతణ్ణి నమ్మమంటారా?" అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే 'అవును' అని కొట్టేస్తారు. అది తప్పు. విశ్వవిద్యాలయం విడిగా ఇచ్చిన వేలిముద్రతో సరిపోల్చుకున్నాకే ఒప్పుకోవాలి. ఆ తరువాత కంప్యూటరు దాన్ని గుర్తుంచుకుంటుంది. ఎప్పుడైనా వేలిముద్ర మారితే వెంటనే హెచ్చరిస్తుంది.

సర్వర్ కూడా మనల్ని గుర్తుపట్టాలి. దానికి పాస్‌వర్డు ఒక పద్ధతి. అంతకంటె గట్టిది జంట తాళాల పద్ధతి. కంప్యూటరులో రెండు తాళాలు ఒకేసారి పుడతాయి. ఒకటి బహిరంగం, దాన్ని సర్వర్‌కు ఇస్తాం. రెండవది రహస్యం, అది మన కంప్యూటరు దాటి పోదు. రహస్య తాళంతో వేసిన సంతకాన్ని బహిరంగ తాళంతో సరిచూడవచ్చు గాని, బహిరంగ తాళంతో ఆ సంతకాన్ని పుట్టించలేం. కనుక సంతకం సరిపోతే మనిషి సరైనవాడే.

వీటికి తోడు ఫోనులో 30 సెకన్లకొకసారి మారే ఆరంకెల సంఖ్య ఒకటుంటుంది. ఫోనుకు ఇంటర్నెట్ లేకపోయినా ఇది పనిచేస్తుంది! ఎలాగంటారా? మొదట్లోనే ఫోనూ సర్వరూ ఒక రహస్య సంఖ్యను పంచుకుంటాయి. ఆ రహస్యాన్నీ, అప్పటి గడియారం వేళనూ కలిపి ఇద్దరూ ఒకే లెక్క చేస్తారు. లెక్క ఒకటే, వేళ ఒకటే - జవాబూ ఒకటే. ఫోను గడియారం బాగా తప్పితే సంఖ్య చెల్లకపోవడానికి కారణం కూడా ఇదే.

ఏర్పాటు ఇలా చేస్తారు

ఇప్పుడు పరిశోధకురాలు ఏ వరసలో పనిచేస్తుందో చూద్దాం.

మొదట బృందం పెద్ద అయిన ప్రొఫెసరు అనుమతి కావాలి. ఏ అరను చదవవచ్చు, ఏ అరలో రాయవచ్చు అన్నది ఆయనే నిర్ణయిస్తారు. ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వడం ఇక్కడి నీతి.

రెండవది, ఆమె విశ్వవిద్యాలయం బయట ఉంటే ముందు వీపీఎన్ కలుపుతుంది. ఇది ఇంటర్నెట్ నడుమ తవ్విన సొరంగం లాంటిది. దానిలో పోయేదంతా రహస్య లిపిలో ఉంటుంది. ఎస్ఎంబీ సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు ఎదురుగా పెట్టకూడదు. ఎందుకంటే 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ పాత ఎస్ఎంబీలోని లొసుగు గుండానే ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ ఆస్పత్రులతో పాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ పాత రూపాన్ని మూసివేసి, రహస్య లిపి నేర్చిన మూడవ రూపాన్నే వాడాలి.

మూడవది, డ్రైవును కలపడం. విండోస్‌లో 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్', మాక్‌లో 'కనెక్ట్ టు సర్వర్' అనే చోట సర్వర్ చిరునామా ఇస్తుంది. లినక్స్ అయితే ఎస్ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్ఎస్‌హెచ్ఎఫ్ఎస్ అనే సాధనం ఉంది. తెరమీద కొత్త డ్రైవు ప్రత్యక్షమవుతుంది.

నాలుగవది, పని ముగిశాక డ్రైవును విడదీసి, తెరకు తాళం వేయడం. అన్నిటికన్న తేలిక పని ఇదే. జనం ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే.

తాళం ఒక్కటే చాలదు

ఎంత మంచి తాళమైనా చెవిని గుమ్మం మీద పెట్టి పోతే ఏం లాభం? 2020 మే నెలలో సరిగ్గా ఇదే జరిగింది. దొంగిలించిన ఎస్ఎస్‌హెచ్ తాళాలతో, పాస్‌వర్డులతో యూరప్‌లోని పలు సూపర్ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడ్డారు. బ్రిటన్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నడిపే ఆర్చర్ యంత్రాన్ని కొద్ది రోజులపాటు వాడేవారికి మూసివేయవలసి వచ్చింది. పాత తాళాలన్నీ రద్దు చేశారు. అందుకే రహస్య తాళాన్ని కూడా ఒక పొడుగాటి సంకేత వాక్యంతో మూసి ఉంచాలంటారు. తాళం పోయినా, వాక్యం తెలియని దొంగకు అది పనికిరాదు.

ఇక దొంగే లేకుండా గాదె ఖాళీ అయిన కథ ఒకటుంది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటరులో, నకళ్ళు తీసే ప్రోగ్రాములోని ఒక పొరపాటు వల్ల దాదాపు 77 టెరాబైట్ల డేటా చెరిగిపోయింది. సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు! 14 పరిశోధన బృందాలు నష్టపోయాయి. వాటిలో నాలుగు బృందాల డేటా ఇక తిరిగి రాలేదు. తాళాలన్నీ భద్రంగానే ఉన్నాయి. పోయింది మాత్రం పంట.

కనుక భద్రత అంటే రెండు పనులు. పరాయివాడిని లోపలికి రానీయకపోవడం ఒకటి. మన చేతి పొరపాటును కూడా తట్టుకోవడం రెండవది. ముఖ్యమైన డేటాకు మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. ఆ ప్రతి నుంచి ఫైలు నిజంగా తిరిగి వస్తోందా లేదా అని అప్పుడప్పుడు పరీక్షించి చూడాలి.

మీరు చేసి చూడండి: ఈసారి 5, 23 అనే సంఖ్యలు తీసుకోండి. మీరొక రహస్య సంఖ్యను, మీ స్నేహితుడొక రహస్య సంఖ్యను అనుకోండి. శేషాలను తరగతిలో అందరికీ వినబడేలా పైకి చెప్పుకోండి. చివర మీ ఇద్దరికీ ఒకే సంఖ్య వస్తే లెక్క సరిగ్గా చేసినట్టే. మిగిలిన తరగతిని దొంగల పక్షాన ఉండి ఆ సంఖ్యను కనిపెట్టమనండి. వాళ్ళకు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. 23కు బదులు 101 తీసుకుంటే ఎంతసేపు పడుతుందో కూడా చూడండి!